డీజిల్ కారులో ఈజీఆర్ మొరాయిస్తే: సమస్య - పరిష్కారం

ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ అందక, సైలెన్సర్ నుంచి నల్లటి పొగ వస్తూ, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇంజన్ వణుకుతూ ఉంటే, ఎయిర్ ఫిల్టర్‌ను, టర్బో గొట్టాలను చూసిన వెంటనే ఈజీఆర్ (ఎగ్జాస్ట్ గ్యాస్ రీసర్క్యులేషన్) వాల్వ్‌ను అనుమానించాలి. కాలిన పొగలో కొంత భాగాన్ని మళ్లీ సిలిండర్లలోకి పంపడం దీని పని. ఆ పొగలో ఆక్సిజన్ తక్కువగా ఉండటం వల్ల మంట వేడి తగ్గి, అధిక వేడిలో పుట్టే నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గుతాయి.

యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఇంజన్‌కు స్వచ్ఛమైన గాలి కావాలి కనుక వాల్వ్ మూసుకోవాలి. అది తెరుచుకునే ఉండిపోతే గాలి చాలక డీజిల్ సరిగా కాలదు. కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లను చదివే స్కానర్‌లో పి0402 కనిపిస్తే పొగ మోతాదు మించి వెళ్తోందని, పి0401 కనిపిస్తే చాలినంత వెళ్లడం లేదని అర్థం.

రెండింటికీ తరచుగా కారణం మసే. ఇంజన్ ఆయిల్ ఆవిరితో కలిసి అది తారులా ముద్దకడుతుంది. ఇంజన్ వేడెక్కకముందే ముగిసే చిన్న ప్రయాణాల్లో మరీ త్వరగా పేరుకుంటుంది. వాల్వ్ విప్పి చూస్తే, దారిని మూసే పిన్ కూర్చోవలసిన అంచు మీద నల్లటి పెచ్చు కనిపిస్తుంది. గోరుమందం పెచ్చు ఉన్నా వాల్వ్ పూర్తిగా మూసుకోదు.

ఇంజన్ చల్లారాక, బ్యాటరీ నెగటివ్ తీసి, వాల్వ్ విప్పి, కార్బన్ క్లీనర్ కొట్టి, మసి నానాక మెత్తటి బ్రష్‌తో తీయాలి. క్లీనర్ వాల్వ్‌ను కదిలించే మోటారులోకి దిగకూడదు. పిన్‌ను బలవంతంగా నొక్కితే లోపలి పళ్లచక్రాలు విరుగుతాయి. బిగించేటప్పుడు కొత్త గ్యాస్కెట్ వేసి, స్కానర్‌తో వాల్వ్ అడాప్టేషన్ (వాల్వ్ మూసిన, తెరిచిన స్థానాలను కారు కంప్యూటర్‌కు కొత్తగా నేర్పడం) చేయించాలి. అయినా కోడ్ తిరిగి వస్తే కొత్త వాల్వ్ కొనేముందు వైరింగును, గాలిని కొలిచే సెన్సర్‌ను పరీక్షించడం మంచిది.

రేకు అడ్డుపెట్టి ఈజీఆర్ పొగ దారిని మూసేయమనే సలహాను నేను ఒప్పుకోను. అలా మూస్తే అందరూ పీల్చే గాలిలో విషవాయువులు పెరుగుతాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్6 కాలుష్య నిబంధనల కార్లలో చెక్ ఇంజన్ లైట్ కూడా వెలుగుతుంది.

కింద చుక్క కారకుండానే కూలెంట్ తగ్గుతూ, ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లటి పొగ ఆగకపోతే, ఈజీఆర్ కూలర్ (తిరిగి పంపే పొగను కూలెంట్‌తో చల్లార్చే భాగం) లోపల చిల్లు పడి ఉండవచ్చు. ఇంజన్ పైభాగమైన హెడ్‌కు, కింది బ్లాక్‌కు మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయినా ఇవే లక్షణాలు ఉంటాయి కాబట్టి, హెడ్ విప్పడానికి ముందే కూలర్‌కు ప్రెజర్ టెస్ట్ చేయించాలి. లీకు అక్కడే అని తేలితే కూలర్ మార్చి, కూలెంట్ నింపాక గొట్టాల్లోని గాలిని పూర్తిగా తీయాలి.