పిక్కలు పట్టేయని ఫిన్స్‌ను ఎలా ఎంచుకున్నాను

స్కూబా (గాలి సిలిండర్‌తో నీటి అడుగున ఈదే) శిక్షణలో అద్దెకిచ్చిన ఫిన్స్‌తో, అంటే పాదాలకు తొడుక్కునే ఈత రెక్కలతో, కాసేపు ఈదగానే నా పిక్కలు పట్టేసేవి, మడమ వెనుక చర్మం ఒరుసుకుని ఎర్రబడేది. వ్యాయామం పెంచమని కొందరు సలహా ఇచ్చారు గానీ, కారణం ఫిన్స్‌లోనే ఉంది. వాటి రెక్క పొడవుగా, బిరుసుగా ఉండటంతో ప్రతి తన్నుకూ నీటి ఒత్తిడి కాళ్లపైనే పడేది. పాదం పట్టే భాగం వదులుగా ఉండటంతో, ఫిన్ జారిపోకుండా వేళ్లు ముడుచుకుని పట్టుకోవలసి వచ్చేది, దాంతో కండరం మరింత బిగుసుకునేది.

అందుకే మడమ తెరిచి ఉండే రకాన్ని ఎంచుకుని, ముందుగా 5 మిల్లీమీటర్ల నియోప్రీన్ (మెత్తటి కృత్రిమ రబ్బరు) బూట్లు కొని, వాటిని వేసుకున్నాకే ఫిన్స్ కొలత చూశాను. వేళ్లు ముడుచుకోకూడదు, కాలు విదిలించినా ఫిన్ ఊగకూడదు. పాదం పైభాగం నొక్కుకుపోతే మాత్రం ఒక సైజు పెద్దది చూడాలి. రెక్కను చేత్తో వంచి చూసి, మరీ బిరుసూ మరీ మెత్తనా కానిదాన్ని తీసుకున్నాను. మడమ వెనుక ఉండే రబ్బరు పట్టీకి బదులు స్ప్రింగు పట్టీ వేయించడం కాస్త ఖరీదే, అయినా తడి చేతులతో బకిల్‌తో కుస్తీ పట్టే బాధ తప్పింది. రంగుల సంగతి నేను పట్టించుకోలేదు.

ఇప్పుడు మోకాళ్లతో సైకిల్ తొక్కినట్టు కాకుండా తుంటి నుంచి నిదానంగా తన్నుతున్నాను; ఎప్పుడైనా పిక్క బిగుస్తున్నట్టు అనిపిస్తే, కాలు చాపి ఫిన్ కొనను నావైపు లాగి పట్టుకుంటే సర్దుకుంటుంది.