ఆసుపత్రిలో ఉన్నవాళ్ళకి సంఘం తరఫున తోడుగా వెళ్తున్నారా? ఇలా చేసి చూడండి

"రోగినై యుంటిని, నన్ను చూడవచ్చితిరి" అని మత్తయి 25లో ప్రభువు అన్న మాట మీద ప్రసంగాలు మనం బోలెడు విన్నాం. వెళ్ళాక ఏం చేయాలో మాత్రం పెద్దగా ఎవరూ చెప్పరు. దాంతో ఆదివారం ఆరాధన అయిపోగానే పదిహేను మంది ఆటోలు మాట్లాడుకుని పెద్దాసుపత్రికి వెళ్ళడం, మంచం చుట్టూ నిలబడి ఒక పాట పాడి, వాక్యం చదివి, వార్డంతా వినపడేలా ప్రార్థన చేసి, రెండు బ్రెడ్ ప్యాకెట్లు చేతిలో పెట్టి ఫోటో దిగి వచ్చేయడం. ప్రేమ లేక కాదు. కానీ ఆ మంచం పక్కన నాలుగు రోజులుగా నేల మీద పడుకుంటున్న భార్యకి స్నానం చేసి రావడానికి అరగంట కూడా దొరకలేదన్న సంగతి ఆ పదిహేను మందిలో ఒక్కరికీ తట్టదు.

మీ యవనస్థుల కూటమో స్త్రీల సమాజమో ఈ పని మొదలుపెట్టాలనుకుంటే కింద రాసింది పనికొస్తుంది. పాస్టర్ గారే ఉండాలని రూలేం లేదు, వాక్యం చెప్పడం రావాల్సిన పని అసలే లేదు.

ముందుగా, ఇద్దరే వెళ్ళండి. యేసు శిష్యుల్ని ఇద్దరిద్దరిగానే పంపాడు (మార్కు 6:7), వార్డు నర్సు కూడా అంతకు మించి ఒప్పుకోదు. ఆడవాళ్ళ వార్డుకైతే ఆడవాళ్ళే వెళ్ళాలి. చూడ్డానికి వచ్చేవాళ్ళని లోపలికి పంపే టైం ఏదో కనుక్కుని వెళ్ళండి, గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయితో "దేవుని పని మీద వచ్చాం" అని వాదనకి దిగకండి, అతని పని అతను చేస్తున్నాడు. జలుబు, దగ్గు ఉన్నవాళ్ళు ఆ వారం ఇంట్లోనే ఆగిపోవాలి, ముఖ్యంగా కీమో తీసుకుంటున్నవాళ్ళ దగ్గరికి, డయాలసిస్ వార్డుకి వెళ్ళేటప్పుడు. చేతులు కడుక్కోండి. మంచం మీద కూర్చోకండి. చిన్నపిల్లల్ని తీసుకెళ్ళకండి. పది నిమిషాలు చాలు, పేషెంటు కళ్ళు మూసుకుంటే అది బయల్దేరమనే అర్థం.

వెళ్ళగానే అడగాల్సింది ఒకటే ప్రశ్న. యెరికో దారి పక్కన బర్తిమయి అనే గుడ్డివాడు కేకలు పెట్టినప్పుడు యేసు అతన్ని పిలిపించి "నీకు నేనేమి చేయాలనుకుంటున్నావు" అని అడిగాడు (మార్కు 10). గుడ్డివాడికి ఏం కావాలో తెలీక అడిగాడా! అయినా అడిగాడు, జవాబు అతని నోటి నుంచే రానిచ్చాడు. మనం మాత్రం అడగం, మనకి ఏది ఇవ్వాలనిపిస్తే అది తీసుకెళ్తాం, అందుకే షుగర్ పేషెంటు బల్ల మీద ఆపిల్ జ్యూస్ డబ్బాలు వరసగా పేరుకుపోతాయి. అడిగితే వచ్చే జవాబులు ఎంత చిన్నవో చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది: ఫోన్ చార్జర్, దుప్పటి, వేడినీళ్ళకి ఫ్లాస్కు, ఊళ్ళో ఉన్న గేదెకి ఇద్దరు ముగ్గురు కలిసి మేత వేయడం, స్కూలు నుంచి వచ్చే పిల్లకి సాయంత్రం ఎవరో ఒకరు అన్నం పెట్టడం. "ఏం వద్దమ్మా, మీరొచ్చారు అదే చాలు" అని మొహమాటపడేవాళ్ళు చాలామంది ఉంటారు, వాళ్ళని గుచ్చి గుచ్చి అడగకండి. "రేపు పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు వరకు నేను ఇక్కడ కూర్చుంటాను, మీరు వెళ్ళి స్నానం చేసి కాసేపు పడుకుని రండి" అని టైం చెప్పి మరీ చెప్తే కాదనడం కష్టం. "ఏదైనా అవసరమైతే ఫోన్ చెయ్యండి" అనే మాట వల్ల ఉపయోగం సున్నా, ఎవరూ చెయ్యరు.

నా ఉద్దేశంలో ఈ కూర్చోవడమే అన్నిటికంటే పెద్ద సాయం. డబ్బు ఖర్చు లేదు, కానీ మనకి ఇవ్వడానికి ఇష్టం లేనిది కూడా ఇదే, టైం.

తిండి సంగతి. పేషెంటుకి ఏం పెట్టాలో సిస్టర్‌ని అడక్కుండా చెంచా కూడా నోట్లో పెట్టకండి, మర్నాడు ఆపరేషన్ ఉంటే మంచినీళ్ళు కూడా ఇవ్వకూడదని చెప్పి ఉంటారు, మీరు ప్రేమగా పట్టిన హార్లిక్స్ వల్ల ఆపరేషన్ వాయిదా పడుతుంది. చాలా ప్రభుత్వ ఆసుపత్రుల్లో పేషెంటుకి భోజనం లోపలే వస్తుంది, ఆకలితో ఉండేది తోడున్నవాళ్ళు. కాబట్టి క్యారేజీ వాళ్ళ కోసం కట్టండి. పులిహోర, చపాతీ లాంటివి ఎండాకాలంలో కూడా కాసేపు నిలుస్తాయి, కొబ్బరి పచ్చడి జోలికి పోకండి. చాలా తెలుగు సంఘాల్లో ఆడవాళ్ళు వంటకి బియ్యం పోసేటప్పుడల్లా ఒక గుప్పెడు దేవుని పేరున పక్కన పెట్టే అలవాటు ఉంది, ఆ బియ్యంలో కొంత ఈ క్యారేజీలకి కేటాయించమని సంఘ పెద్దల్ని అడగండి. ఇంకో మాట, మీ ఇంటి వంట తినడానికి ఎవరైనా తటపటాయిస్తే నొచ్చుకోకండి, కారణాలు తవ్వకండి. క్యాంటీన్ టోకెన్ కొనిచ్చేయండి, అయిపోయింది.

రక్తం అవసరం పడితే అప్పుడు వాట్సాప్‌లో "అర్జెంట్ ఓ నెగటివ్" అని పెట్టడం కాకుండా, ముందే మీ సంఘంలో ఎవరి గ్రూపు ఏంటో ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి. 18 నుంచి 65 ఏళ్ళ లోపు, 45 కిలోల పైన బరువు, హిమోగ్లోబిన్ 12.5 ఉంటే ఇవ్వచ్చు, మిగతా ఆరోగ్యం సంగతి బ్లడ్ బ్యాంకులో అడిగి చూస్తారు. మగవాళ్ళు మూడు నెలలకోసారి, ఆడవాళ్ళు నాలుగు నెలలకోసారి. ఎవరు ఎప్పుడు ఇచ్చారో ఆ తారీఖు కూడా అదే పుస్తకంలో రాయండి. డెంగీ సీజన్లో ప్లేట్‌లెట్ల కోసం పరుగులు పెడతారు కదా, సేకరించాక అవి ఐదు రోజులే నిలవ ఉంటాయి, అందుకే ఒకేసారి ఇరవై మందిని తోలుకెళ్ళడం కన్నా బ్లడ్ బ్యాంకు వాళ్ళు ఏ రోజు ఎంతమందిని రమ్మంటే అంతమంది వెళ్ళడం మేలు.

కాగితాల పని గురించి ఎవరూ ప్రసంగించరు గానీ, చదువుకున్న యవనస్థులు చేయగలిగిన అసలు సేవ అదే. ఆరోగ్యశ్రీ (ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు) కౌంటర్ ఎక్కడుందో కనుక్కోవడం, కార్డు, ఆధార్ జెరాక్సులు తీయించడం, స్కాన్ రిపోర్టు తెచ్చి ఇవ్వడం, డాక్టర్ చెప్పింది రాసుకుని ఆ పెద్దాయనకి అర్థమయ్యే మాటల్లో మళ్ళీ చెప్పడం. ప్రైవేటులో చేరినవాళ్ళయితే ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీ ఒక కవర్లో జాగ్రత్త చేయించండి, ముఖ్యమంత్రి సహాయ నిధికి అప్లై చేసుకోవాలంటే అవి కావాలి. ఇలా లైన్లో రెండు గంటలు నిలబడి వచ్చిన కుర్రాడు సాక్ష్యం చెప్పడానికి స్టేజీ ఎక్కడు, ఎక్కినా ఇందులో చెప్పుకోడానికి ఏముందనుకుంటాడు. యోహాను 13లో యేసు నడుముకి తువాలు కట్టుకుని శిష్యుల కాళ్ళు కడిగాడే, అదీ ఎవరూ చేయడానికి ముందుకు రాని పనే.

డబ్బు విషయంలో కొంచెం గట్టిగా ఉండండి. వీలైతే చేతికి ఇవ్వకుండా మందుల షాపులోనే కట్టేయండి, తక్కువ ధరకి జెనరిక్ మందులు అమ్మే జనౌషధి షాపులో దొరికే మందులేమో డాక్టర్‌ని అడగండి. కానుకలు పోగుచేస్తే లెక్క ఇద్దరి దగ్గర ఉండాలి. పౌలు అంతటివాడు యెరూషలేము సంఘం కోసం చందా పోగుచేసినప్పుడు, తన మీద ఎవరూ తప్పు మోపకూడదని తీతుతో పాటు ఇంకో ఇద్దరు సహోదరుల్ని తోడిచ్చి పంపాడు (2 కొరింథీ 8). మన గ్రూపులో గూగుల్ పే నంబర్ ఒక్కరిదే ఉండి, ఎంత వచ్చిందో ఎంత ఇచ్చారో ఎవరికీ తెలియకపోతే ఆరు నెలల్లో గుసగుసలు మొదలవుతాయి, సేవ అక్కడే ఆగిపోతుంది.

ఇక ప్రార్థన. చేయొద్దని ఎవరన్నారు, కానీ వాళ్ళు అడిగితేనే. యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో కూడా రోగి సంఘపు పెద్దల్ని పిలిపించుకోవాలనే ఉంది, పెద్దలు పిలవకుండా దూరిపోవాలని లేదు. అడిగితే పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకోనిస్తే పట్టుకుని, పేషెంటుకీ తోడున్న మనిషికీ మాత్రమే వినపడేలా రెండు నిమిషాలు. మైకు అలవాటున్న గొంతుని వార్డు బయట పెట్టి రండి, పక్క మంచంలో ఉన్న ముస్లిం పెద్దాయనకి కూడా నిద్ర కావాలి. "మీ విశ్వాసం తక్కువైంది", "ఏదో పాపం ఉండి ఉంటుంది" లాంటి మాటలు నోటి దాకా వచ్చినా మింగేయండి. యోబు స్నేహితులు ఏడు రోజులు నోరు మూసుకుని నేల మీద కూర్చున్నంత వరకు బాగానే ఉన్నారు, నోరు తెరిచాకే చెడింది. ఇక మందులు ఆపేయండి, దేవుడు చూసుకుంటాడు అనే సలహా ఇచ్చేవాళ్ళు మీ టీములో ఉంటే వాళ్ళని ఆసుపత్రికి పంపకండి. నేను దీన్లో రాజీపడను.

అసలు చిక్కంతా ఇక్కడుంది. మనం చేసిన సాయానికి బదులుగా వాళ్ళు వచ్చే ఆదివారం మన చర్చికి వస్తారని మనసులో ఏదో మూల అనుకుంటాం, రాకపోతే చిన్నబుచ్చుకుంటాం. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొన్ని మైళ్ళ తవ్వకం పని కాంట్రాక్టుకి తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. ఆ కరువు పనులు నడిచినంత కాలం బాప్తిస్మం కావాలని వచ్చినవాళ్ళకి ఇవ్వకుండా ఆపేశాడు, కూటి కోసం మతం మారారనే మాట రాకూడదని. సహాయం ముగిశాకే, 1878 జూలై నుంచి, మళ్ళీ ఇచ్చారు. ఆ రోజుల్లో ఆయన చేతిలో అన్నం ఉంది, ఎదురుగా ఆకలి ఉంది, అడిగేవాళ్ళూ ఉన్నారు, అయినా ఆగాడు. మనం రెండు క్యారేజీలు ఇచ్చి కరపత్రం కూడా జేబులో పెట్టడం ఆపలేమా? వాళ్ళంతట వాళ్ళు "మీరెందుకు ఇదంతా చేస్తున్నారు" అని అడిగితే ఉన్నది చెప్పండి, దాచాల్సిన పని లేదు.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి అన్నది కూడా తేల్చుకోండి. మన సంఘ సభ్యులకే, అందులోనూ మన పేట వాళ్ళకే వెళ్ళడం తేలిక. మంచి సమరయుని కథ (లూకా 10) చెప్పింది సరిగ్గా అలాంటి వాళ్ళకే. యూదులకీ సమరయులకీ పొత్తు లేని రోజుల్లో ఒక సమరయుడు దారిలో పడి ఉన్న మనిషి ఎవరు, ఏ కులం, ఏ ఊరు అని అడక్కుండా గాయాలు కట్టాడు. గమనించారా, అతను తన ప్రయాణం మానుకోలేదు, ఆ రాత్రి చూసుకుని, పొద్దున్నే పూటకూళ్ళవాడికి రెండు దేనారాలు, అంటే రెండు రోజుల కూలి, ఇచ్చి, ఎక్కువైతే తిరిగొచ్చేటప్పుడు ఇస్తానని వెళ్ళాడు. ఉద్యోగం, పిల్లలు ఉన్న మనలాంటి వాళ్ళకి ఇది చాలా ఊరట. అంతా మనమే మోయక్కర్లేదు, వంతులు వేసుకోవచ్చు, ఇంకొకరికి అప్పగించవచ్చు, కానీ మళ్ళీ వెళ్ళి చూడాలి. వేరే మతం వాళ్ళు సాయానికి వస్తామంటే సంతోషంగా కలుపుకోండి. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే మెథడిస్టు డాక్టరమ్మ 1915లో మొదలుపెట్టిన కుష్టు ఆసుపత్రికి నర్సాగౌడ్ అనే హిందూ దాత పెద్ద మొత్తం ఇచ్చారు.

ఫోటోలు వద్దు. కుడిచెయ్యి చేసింది ఎడమచేతికి తెలియకూడదన్న మాట (మత్తయి 6) తర్వాత సంగతి, ముందు ఆ మనిషి నైటీలో, ట్యూబులతో ఉన్నాడు, మీరైతే ఒప్పుకుంటారా? ప్రార్థన గ్రూపులో పెట్టేటప్పుడు కూడా పేరు, జబ్బు, వార్డు నంబరు రాయకండి. టీబీ అనో, గర్భం పోయిందనో, పురుగుల మందు తాగి చేరిందనో ఊరంతా పాకిపోతే ఆ ఇంట్లో పిల్ల పెళ్ళి దాకా ఆ మాట వెంటాడుతుంది. "మన సహోదరి ఒకరికి ఆరోగ్యం బాలేదు, ప్రార్థించండి" చాలు, దేవునికి అడ్రస్ తెలుసు.

ఎవరైనా చనిపోతే మాటలు తగ్గించి పనులు పెంచండి. మార్చురీ దగ్గర కాగితాలు, బండి, సమాధి తవ్వేవాళ్ళు, దూరం నుంచి వచ్చే బంధువులకి పడక. తర్వాత ఆ ఇంటివాళ్ళని ఓదార్చడానికి జరిగే ఆదరణ కూటం ఆ ఇంటికి అప్పుగా మారుతోంది చాలాచోట్ల, మూడొందల మందికి బిర్యానీ, ఫ్లెక్సీ, వచ్చిన సేవకులకి కానుకలు. సంఘ పెద్దలతో ముందే మాట్లాడి టీ, బిస్కెట్లతో సరిపెట్టేలా చూడండి, ఒక్క కుటుంబం ధైర్యం చేసి అలా చేస్తే మిగతావాళ్ళకీ దారి దొరుకుతుంది.

బతికి ఇంటికొచ్చిన వాళ్ళ సంగతి ఇంకా తొందరగా మర్చిపోతాం. డిశ్చార్జ్ రోజు ఆటో, మందులు ఏది ఎప్పుడో పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించడం, మళ్ళీ రమ్మన్న తారీఖు మీ ఫోన్లో కూడా పెట్టుకోవడం, ఆ ముందు రోజు సాయంత్రం ఒక ఫోన్ కొట్టి "రేపు వెళ్ళాలి కదా పిన్నీ, బస్సు చార్జీలకి ఉన్నాయా, తోడు ఎవరొస్తున్నారు" అని అడగడం.