కోనసీమ కాలవ గట్ల మీద స్కూటర్ ప్రయాణం ఎలా చేయాలి?

రాజమండ్రిలో కారెక్కితే మూడు గంటల్లో అంతర్వేదిలో దిగొచ్చు. స్కూటర్ మీదైతే పొద్దున్నుంచి సాయంత్రం దాకా పడుతుంది. తొందరగా వెళ్ళాలనుకునేవాళ్ళకి ఈ వ్యాసంతో పని లేదు. ఎంత నిదానంగా వెళ్ళాలి, ఎక్కడెక్కడ ఆగాలి, బండి మొరాయించకుండా ఏం చూసుకోవాలి అన్నదే ఇక్కడ చెప్పబోయేది.

స్కూటర్ ఆగడానికి పుట్టిన బండి. కారు ఆపాలంటే చోటు వెతకాలి, అది దొరికేసరికి చూడాలనుకున్నది వెనకబడిపోతుంది. పెద్ద మోటార్‌సైకిళ్ళ చప్పుడుకి కాలవలో మునిగిన గేదె కూడా తలెత్తి చూస్తుంది. స్కూటర్‌కి ఆ బాధలు లేవు. కాలు కింద పెడితే ఆగినట్టే. నిటారుగా కూర్చుంటాం కాబట్టి వరి మడి మీదుగా అవతలి కొబ్బరి తోపు దాకా కనిపిస్తుంది. ఎండలో పోతూపోతూ తోటల నీడలోకి దూరగానే చేతుల మీద చల్లదనం తెలుస్తుంది. కొబ్బరి పీచు నానబెట్టిన గుంటల కంపు కూడా తెలుస్తుందనుకోండి, అది వేరే సంగతి.

ఏ నెలలో వెళ్ళాలి

జనవరి చివర నుంచి మార్చి మొదటి వారాల దాకా వెళ్ళడం మంచిదని నా లెక్క. దాళ్వా (రబీ వరి) నాట్లు పడి చేలు పచ్చగా ఉంటాయి, కాలవల్లో నీళ్ళుంటాయి, ఎండ ఇంకా ముదరదు. సంక్రాంతి నాలుగు రోజులూ మాత్రం వద్దు. ఊళ్ళకి వచ్చిన కార్లన్నీ సన్నటి గట్ల మీదే ఎదురవుతాయి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం (జాతర) చూడాలనుకుంటే, బండిని దూరంగా ఎక్కడో పెట్టి నడిచి వెళ్ళాలి.

సార్వా (ఖరీఫ్ వరి) కోతలు నవంబరులో, దాళ్వా కోతలు ఏప్రిల్‌లో. ఆ రోజుల్లో సగం రోడ్డు ధాన్యం ఆరబోతలకే పోతుంది. వేసవిలో మరమ్మతుల కోసం కాలవలు కట్టేస్తారు. నీళ్ళు లేని కాలవ పక్కన నలభై డిగ్రీల ఎండలో స్కూటర్ తోలడం ఎవరికి సరదా? అప్పుడు దొరికే తాటి ముంజలొక్కటే ఆ ఎండకి పరిహారం. వానాకాలంలో ఊళ్ళు అందంగానే ఉంటాయి, మట్టి గట్లు మాత్రం నమ్మరానివి.

బయల్దేరే ముందు రోజు

ఏ గేర్లు లేని స్కూటరైనా సరిపోతుంది, కొత్తదే కానక్కర్లేదు. హైదరాబాదు నుంచో విశాఖ నుంచో రైల్లో దిగేవాళ్ళు చుట్టాల బండి అడిగి తీసుకోవడమే మేలు. అడిగేటప్పుడే బ్రేకులు ఎలా ఉన్నాయో కూడా అడగండి. అరువు బండి గురించి మొహమాటపడి అడగని ప్రశ్నలన్నీ గట్టు మీద జవాబు చెబుతాయి.

గాలి కొట్టించేటప్పుడు దగ్గరుండి చూసుకోండి. 110 సీసీ స్కూటర్లలో చాలా వాటికి ఒక్కరే నడిపితే ముందు 22, వెనక 29 పాయింట్లు ఉండాలి. ఇద్దరెక్కితే వెనక ఇంకొంచెం ఎక్కువ. మీ బండి లెక్క దాని పుస్తకంలో ఉంటుంది. గాలి కొట్టే కుర్రాడు ముందూ వెనకా ఒకే లెక్కన పెట్టేస్తుంటాడు, మనమే చెప్పాలి. ముందు చక్రంలో గాలి మరీ ఎక్కువైతే గులక మీద హ్యాండిల్ నిలవదు.

ట్యాంకు నిండా పెట్రోలు పోయించండి. అయిదు లీటర్లు పడుతుంది, లీటరుకి నలభై వేసుకున్నా రెండు వందల కిలోమీటర్లకి ఢోకా లేదు. లైసెన్సు, ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ ఫోన్లో డిజిలాకర్‌లో ఉంటే చాలు. ఐఎస్‌ఐ గుర్తున్న హెల్మెట్ ముందున్నవాళ్ళకీ వెనకున్నవాళ్ళకీ తప్పనిసరి. గాజు ముక్క ఉన్న హెల్మెట్టే తీసుకోండి. సాయంత్రం కాలవ పక్కన పురుగులు కళ్ళలోకే వస్తాయి.

డిక్కీలో రెయిన్ కోటు, పాత గుడ్డ, నీళ్ళ సీసా, కాస్త తాడు పెట్టుకోండి. ఫోనూ మందులూ అందులో పెట్టొద్దు. సీటు కిందే ఇంజను ఉంటుంది కాబట్టి రెండు గంటలు నడిచేసరికి డిక్కీ వేడెక్కిపోతుంది.

దారి ఎంచుకోవడం

కోనసీమలో ఎటు తిరిగినా రెండు జాతీయ రహదారులు తగులుతాయి. ఒకటి రావులపాలెం మీదుగా పోయేది, రెండోది అమలాపురం, రాజోలు మీదుగా పోయే 216. వాటిని అడ్డంగా దాటండి, వాటి మీద మాత్రం పోవద్దు. లారీ పక్కనుంచి దూసుకుపోతే ఆ గాలికే స్కూటర్ ఊగుతుంది.

ధవళేశ్వరంలో మొదలుపెట్టండి. బ్రిటిష్ ఇంజనీరు ఆర్థర్ కాటన్ గోదావరి మీద 1852లో పూర్తి చేసిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్నది ఆయన పేరు పెట్టిన బ్యారేజీ. నాలుగు భాగాల్లో కలిపి 175 గేట్లు. సూర్యుడు పైకి రాకముందే దాన్ని దాటితే ఎడమ చేతి వైపు నదిలో ఇసుక తిన్నెలు, కుడి వైపు నిండు నీళ్ళు కనిపిస్తాయి. పిచ్చుకలంక దాటి బొబ్బర్లంక చేరగానే రోడ్డు దిగిపోయి, రావులపాలెం వైపు పోయే కాలవ దారి పట్టండి. మధ్య డెల్టా నీళ్ళన్నీ ఇక్కడి నుంచే బయల్దేరతాయి. నీళ్ళు ఎటు పోతే మీరూ అటే.

ఇక్కడి నుంచి మ్యాపు నమ్మకండి. ఫోను ఎప్పుడూ పెద్ద రోడ్డుకే లాగుతుంది. గట్టు దారి తెలుసుకోవాలంటే మనిషినే అడగాలి. దానికీ ఒక పద్ధతుంది. బండి ఆపి, ఇంజను కట్టేసి, హెల్మెట్ తీసి, “ఏవండీ, గట్టు మీద బండి వెళ్తుందాండీ?” అని అడగండి. “ఆయ్, వెళ్తుందండి, లాకులు దాటాక తూము దగ్గర కుడిచేతి పక్కకి దిగిపోండి” అని వివరంగా చెబుతారు. హారన్ కొట్టి, హెల్మెట్లోంచే ఊరి పేరు అరిచినవాళ్ళకి చెయ్యి ఊపి పంపించేస్తారు. దూరం ఎంతని మాత్రం అడగొద్దు. “ఎంతోనాండీ, ఇలా ఎళ్ళి అలా వచ్చేయొచ్చు” అన్నారంటే అది రెండు కిలోమీటర్లూ కావచ్చు, పన్నెండూ కావచ్చు.

గట్టు మీద నడపడం

వేగం ముప్పై. తారు బాగున్నచోట నలభై. చాలా ఊళ్ళలో గుర్రం మీద కూర్చున్న కాటన్ దొర విగ్రహం కనిపిస్తుంది. ఆ గుర్రం నడకే మనకీ సరి.

స్కూటర్ చక్రాలు చిన్నవి. చాలా వాటికి వెనక చక్రం పది అంగుళాలే. మోటార్‌సైకిల్ గమనించని గుంట కూడా స్కూటర్‌కి గొయ్యే. గుంట కనిపించగానే వేగం తగ్గించండి, గుంటలో ఉండగా బ్రేకు పట్టకండి. గులక మీద ముందు బ్రేకు జోలికి పోకుండా వెనక బ్రేకునే మెల్లగా నొక్కాలి. కుడి చేతి పిడి ఒకే తీరున ఉంచండి. కాళ్ళు రెండూ పలక మీదే ఉండాలి. భయపడి కాళ్ళు ఈడ్చుకుంటూ పోతే చెప్పు రాయికి తగిలి పడిపోయేది అప్పుడే.

ఎదురుగా ట్రాక్టర్ వస్తే పోటీ వద్దు. చేల వైపు వెడల్పుగా ఉన్నచోట ఆగి దారివ్వండి. మీ ఎడమ పక్కన కాలవ ఉంటే అంచుకి పోకండి. పైకి గట్టిగా కనిపించే అంచు కింద నీళ్ళు మట్టిని తినేసి ఉండొచ్చు. వాన పడిన మర్నాడు మట్టి గట్టు ఎక్కనే ఎక్కొద్దు. ఒండ్రు మట్టి చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య పేరుకుని చక్రాన్నే పట్టేస్తుంది. అప్పుడు పుల్లతో గీక్కుంటూ కూర్చోవాలి.

ఆరబోసిన ధాన్యం మీంచి పోకండి. టైరు జారుతుందన్నది ఒక కారణం. అది ఒక రైతు ఆరు నెలల కష్టమన్నది అంతకన్నా పెద్ద కారణం. రాశుల చుట్టూ హద్దుగా పెట్టే రాళ్ళు, దుంగలు చీకట్లో కనిపించవు కాబట్టి కోతల రోజుల్లో పొద్దు గూకాక ఈ రోడ్ల మీద ఉండకూడదు.

ఎక్కడ ఆగాలి

ఆగాల్సిన మొదటి చోటు లొల్ల లాకులు. పెద్ద కాలవ ఇక్కడ పాయలుగా చీలుతుంది. కాలవల్లో పడవలు తిరిగిన రోజుల్లో, నీటిమట్టం మారేచోట వాటిని దింపడానికీ ఎక్కించడానికీ కట్టినవే ఈ లాకులు. తలుపుల కింద నుంచి నీళ్ళు దూకే హోరులో పక్కవాళ్ళ మాట కూడా వినపడదు. చెట్టు కింద బండి పెట్టి అరగంట కూర్చోండి. సినిమా షూటింగులు ఇక్కడ ఎందుకు చేస్తారో తెలుస్తుంది.

బండి పెట్టేటప్పుడు మాత్రం పైకి చూడండి. కొబ్బరి చెట్టు కింద స్కూటర్ పెట్టడం కోనసీమలో పుట్టినవాళ్ళు చేయరు. దింపు తీస్తున్న (కాయలు కోస్తున్న) తోటలోకైతే అసలు పోవద్దు. వేపో, చింతో, రావి చెట్టో చూసుకోండి.

ఆత్రేయపురం, ర్యాలి ఆ చుట్టుపక్కలే. ర్యాలిలో ముందు నుంచి విష్ణువు, వెనక నుంచి మోహినిగా కనిపించే ఏకశిలా విగ్రహం ఉంది. విగ్రహం వెనక వైపుకి వెళ్ళి చూడటం మరిచిపోకండి. ఆత్రేయపురంలో పూతరేకులు కొంటారు, కొనకుండా ఎవరూ రారు. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డని దాని మీద ఇలా లాగితే అలా రేకు వచ్చేస్తుంది. అడిగితే చూడనిస్తారు. ఆ పొట్లాన్ని డిక్కీలో పెట్టారా, సాయంత్రానికి నెయ్యి కరిగి, రేకు నలిగి, బెల్లం ముద్ద మిగులుతుంది. ముందున్న కొక్కేనికి తగిలించుకోండి.

రావులపాలెంలో హైవే దాటి, కొత్తపేట, పలివెల మీదుగా పి. గన్నవరం చేరండి. నాకైతే మొత్తం దారిలో చూడాల్సినది ఇదొక్కటే అనిపిస్తుంది. కింద గోదావరి పాయ వైనతేయ, దాని మీద వంతెన, ఆ వంతెన మీద కాలవ. ఒక నీరు ఇంకో నీటిని అడ్డంగా దాటి అవతలి లంకలకి పోతుంది. మొదటి అక్విడెక్టు కాటన్ కాలంలో, 1850లలో కట్టారు. దాని పక్కన తర్వాత కట్టినదానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. 1841 నుంచి 1909 దాకా బతికిన ఆవిడ ఆ పక్కనే లంకల గన్నవరంలో వేళాపాళా చూడకుండా వచ్చినవాళ్ళకల్లా అన్నం పెట్టింది. కారులో పోయేవాళ్ళు దీన్ని మామూలు వంతెన అనుకుని నిమిషంలో దాటేస్తారు. స్కూటర్ దిగి నడిచి, మధ్యలో నిలబడి, ముందు కాలవనీ తర్వాత నదినీ చూడండి.

గాలి, రేవు

మధ్యాహ్నమయ్యేసరికి సముద్రం మీంచి గాలి లేస్తుంది. తేలికపాటి స్కూటర్‌కి ఎదురుగాలి అంటే పిడి ఎంత తిప్పినా కదలనట్టే ఉంటుంది. అందుకే పొద్దున్నే దక్షిణానికి పోవాలి. భోజనం రాజోలు దగ్గర కానిచ్చి, కాస్త ఎండ తగ్గాక అంతర్వేది వైపు కదలండి. రొయ్యల చెరువులు మొదలైతే సముద్రం దగ్గరపడినట్టు. అంతర్వేదిలో గోదావరి మరో పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోటుకి నడిచే పోవాలి. ఇసుకలోకి స్కూటర్ దించితే ఇరుసు దాకా కూరుకుపోతుంది, నలుగురు పడితే గానీ లేవదు.

అదే రోజు అదే దారిలో వెనక్కి రావొద్దు, నడుము ఒప్పుకోదు. సఖినేటిపల్లి రేవులో పంటు (బళ్ళని దాటించే బల్లకట్టు) ఎక్కి నరసాపురం దిగండి. ముందు కార్లని ఎక్కనివ్వండి, స్కూటర్‌కి చోటు ఎలాగూ మిగులుతుంది. పలక మీదికి ఎక్కించేటప్పుడు వెనక కూర్చున్నవాళ్ళని దించి, ఇంజను మీదే మెల్లగా ఎక్కించండి. ఎక్కాక ఇంజను కట్టేసి సెంటర్ స్టాండ్ వేయండి. సైడ్ స్టాండ్ మీద వదిలేస్తే పంటు ఊగినప్పుడు బండి పక్కవాళ్ళ మీద పడుతుంది. వరదల్లో పంటు తిరగదు, చీకటి పడితే తిరుగుతుందో లేదో మధ్యాహ్నమే ఎవరినైనా అడిగి ఉంచుకోండి.

రాత్రికి నరసాపురంలోనో పాలకొల్లులోనో పడుకుని, మర్నాడు పొద్దున్నే తణుకు, నిడదవోలు మీదుగా విజ్జేశ్వరం చేరితే మళ్ళీ బ్యారేజీ మీదికే వస్తారు. ఈసారి సముద్రం గాలి లేచినా వీపుకే ఉంటుంది, కాలవ ఎదురొస్తుంది.

ఇంటికొచ్చాక

బండి కడిగేముందు వెనక చక్రం ఇరుసు దగ్గర వేలు పెట్టి చూడండి. రోడ్డు మీద గడ్డి, కొబ్బరి పీచు, నైలాను తాడు ముక్కలు అక్కడ చుట్టుకుని ఉంటాయి. అలాగే వదిలేస్తే సీలు కోసుకుపోయి నూనె కారుతుంది. సముద్రం దాకా వెళ్ళొచ్చిన బండిని మంచినీళ్ళతో కడగాలి, ముఖ్యంగా కింది భాగం. వారంలోగా మెకానిక్‌కి చూపించి ఎయిర్ ఫిల్టర్ దులిపించండి. చుట్టాల బండైతే ట్యాంకు నింపి, పూతరేకుల పొట్లం ఒకటి కొక్కేనికి తగిలించి మరీ ఇవ్వండి. వచ్చే ఏడు మళ్ళీ అడగాలి కదా.