అచ్చు పని మాటలు – 4వ పాఠం: ఫారం లెక్క

పోయిన పాఠంలో కాగితం సైజులు చూశాం. డెమ్మీ షీటు సుమారు 18×23 అంగుళాలు, డబుల్ డెమ్మీ 23×36. ఈ రెండూ గుర్తుంటే ఇవాళ్టికి చాలు.

పుస్తకం వేయించడానికి ప్రెస్సుకి వెళ్తే మొదట సైజు అడుగుతారు, ఆ వెంటనే ‘ఎన్ని ఫారాలు?’ అంటారు. కొత్తగా వెళ్ళినవాళ్ళు పేజీల సంఖ్య చెప్పి ఊరుకుంటారు. కానీ అచ్చు ఖర్చు నడిచేది ఫారాల మీద.

మనం ఎక్కువగా చూసే 1/8 డెమ్మీ పుస్తకమే, అంటే పేజీ డెమ్మీ షీటులో ఎనిమిదో వంతు ఉండేదే, తీసుకుందాం. డెమ్మీ షీటుకి ఒక వైపు 8 పేజీలు, రెండో వైపు 8 పేజీలు పడతాయి. ఈ 16 పేజీలూ కలిపి ఒక ఫారం. షీటుని మూడుసార్లు మడిస్తే పేజీలు వరసలోకి వస్తాయి. మూడు వైపులా ట్రిమ్ చేశాక చేతికొచ్చే పుస్తకం దాదాపు 5.5×8.5 అంగుళాలు ఉంటుంది.

చదివి వదిలేయకుండా చేసి చూడండి. ఒక తెల్ల కాగితాన్ని సగానికి, ఆ సగాన్ని అడ్డంగా సగానికి, దాన్ని మళ్ళీ సగానికి మడవండి. కోయకుండా, అంచులు కాస్త ఎత్తి చూస్తూ 1 నుంచి 16 దాకా నంబర్లు వేసి విప్పండి. ఒక వైపు 1, 4, 5, 8, 9, 12, 13, 16 కనిపిస్తాయి. మిగతావి రెండో వైపు. సగం నంబర్లు తలకిందులుగా ఉంటాయి, కంగారు పడకండి, అలాగే ఉండాలి. వెన్ను దగ్గర కలిసే జంటలు 1–16, 4–13, 5–12, 8–9. ఏ జంటని కూడినా 17. పేజీలను ఇలా షీటు మీద పేర్చడమే ఇంపోజిషన్. ఇప్పుడది సాఫ్ట్‌వేర్ చేసి పెడుతుంది. అయినా చేత్తో మడిచిన డమ్మీ ఒకటి దగ్గరుంచుకోవడం మంచిదని నా అభిప్రాయం. పేజీ ఎక్కడ తప్పిందో స్క్రీన్ మీద కంటే అందులోనే ముందు దొరుకుతుంది.

సీసం అక్షరాల కాలంలో ఫారానికి ఇంకా బలం ఉండేది. గుణింతాలు, వత్తులతో తెలుగుకి బోలెడు టైపు కావాలి. చిన్న ప్రెస్సుల్లో పుస్తకం మొత్తానికి సరిపడా టైపు ఉండేది కాదు. అందుకని ఒక ఫారం కంపోజు చేసి, ప్రూఫు దిద్ది, అచ్చేసి, టైపు విప్పి మళ్ళీ కేసుల్లో (అక్షరాల గళ్ళ పెట్టెల్లో) సర్దుకుని తర్వాతి ఫారం మొదలుపెట్టేవాళ్ళు. మూడో ఫారం దిద్దుతూ మొదటి ఫారంలో ఒక మాట మార్చాలంటే కుదిరేది కాదు, అది అప్పటికే అచ్చయిపోయి ఉండేది.

ఇక డబ్బు సంగతి. 160 పేజీలంటే సరిగ్గా 10 ఫారాలు. 164 అయితే 10 ఫారాలు, పైన 4 పేజీలు. ఆ నాలుగింటికీ విడిగా ప్లేటు (పేజీలను అచ్చు మెషిన్‌కి ఎక్కించే రేకు), మెషిన్ సెట్టింగు, బైండింగులో ఇంకో ముక్క. కాబట్టి ముందుమాట కుదించో, ఖాళీ పేజీలు తగ్గించో 160కి తెచ్చుకోండి. కుదరకపోతే 168 చేసి అర ఫారం తీసుకోండి. పావు ఫారం మాత్రం వద్దు. అట్ట ఈ లెక్కలోకి రాదు, అది వేరే కాగితం, వేరే అచ్చు.

కాగితం లెక్కా ఇక్కడినుంచే. డబుల్ డెమ్మీ షీటులో రెండు ఫారాలు పడతాయి. 10 ఫారాల పుస్తకం వెయ్యి కాపీలకు 5,000 షీట్లు, అంటే 500 షీట్ల రీములు 10. 70 జీఎస్ఎం (చదరపు మీటరుకి 70 గ్రాములు) మాప్లిథో, అంటే పుస్తకాలకి వాడే మామూలు తెల్ల కాగితం అయితే రీము బరువు సుమారు 18.6 కిలోలు, మొత్తం 186 కిలోలు. దీని మీద వేస్టేజీ కింద ఎంత కలపాలో ప్రెస్సువాళ్ళని ముందే అడిగి రాయించుకోండి.

అభ్యాసం: 1/8 డెమ్మీ, 208 పేజీలు, 500 కాపీలు, అదే కాగితం. ఎన్ని ఫారాలు, ఎన్ని రీములు, ఎన్ని కిలోలు? జవాబు వచ్చే పాఠంలో, ప్లేట్ల లెక్కతో కలిపి.