సైట్ పనిచేయట్లేదు: ఎక్కడ తెగిందో ఎలా పట్టుకోవాలి, ఎలా అడగాలి

"సైట్ పనిచేయట్లేదు, కొంచెం చూస్తారా?" అని అడిగితే ఎంత అనుభవం ఉన్న ప్రోగ్రామర్ అయినా ముందు ఎదురు ప్రశ్నలే వేస్తారు. ఆ ప్రశ్నలన్నీ ఒక్క దాని చుట్టూ తిరుగుతాయి: తెగింది ఎక్కడ? బ్రౌజర్‌లోనా, దారిలోనా, సర్వర్‌లోనా, డేటాబేస్‌లోనా? ఈ జవాబు మీ దగ్గర ముందే ఉంటే సగం సమస్యలు అడగకుండానే తీరిపోతాయి. మిగతా సగానికి సహాయం త్వరగా దొరుకుతుంది. అందుకే కింద ప్రతి సమస్య దగ్గరా, తెలిసినవాళ్ళు మొదట ఏం అడుగుతారో కూడా రాశాను.

మొదలుపెట్టే ముందు ఎఫ్12 నొక్కి డెవలపర్ టూల్స్ తెరవండి. కన్సోల్, నెట్‌వర్క్ అనే రెండు ట్యాబ్‌లు చూడకుండా ఎవరినీ ఏమీ అడగవద్దు.

సీఎస్ఎస్ మార్చాను, పేజీలో ఏ మార్పూ లేదు

మొదటి ప్రశ్న: "కొత్త ఫైల్ అసలు బ్రౌజర్‌కి వచ్చిందా?" నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఆ సీఎస్ఎస్ ఫైల్ మీద నొక్కి, మీరు రాసిన కొత్త లైన్ అందులో ఉందో లేదో చూడండి. లేకపోతే పాత ఫైల్ క్యాష్‌లోంచి (బ్రౌజర్ దాచుకున్న కాపీలోంచి) వస్తోంది. కంట్రోల్, షిఫ్ట్, ఆర్ కలిపి నొక్కితే మీ వరకు సరిపోతుంది. కానీ సైట్ చూసే వందల మందితో ఆ మూడు కీలు నొక్కించలేం కదా. బిల్డ్ చేసేటప్పుడు (కోడ్‌ని సర్వర్‌లో పెట్టడానికి తయారు చేసేటప్పుడు) ఫైల్ పేరులోనే ఒక హ్యాష్, అంటే ఫైల్ లోపలి విషయం నుంచి లెక్కగట్టిన అక్షరాల వరుస, చేరేలా పెట్టుకోండి. ఫైల్ లోపల ఏం మారినా పేరు మారుతుంది, బ్రౌజర్ కొత్తది తెచ్చుకుంటుంది. "డిసేబుల్ క్యాష్" అనే టిక్కు డెవలపర్ టూల్స్ తెరిచి ఉన్నంత సేపే పనిచేస్తుందని గుర్తుంచుకోండి.

కొత్త లైన్ వచ్చింది, అయినా రంగు మారలేదంటే ఎలిమెంట్స్ ట్యాబ్‌లో ఆ లైన్ మీద కొట్టివేత గీత ఉందేమో చూడండి. ఉంటే వేరే రూల్ దాన్ని ఓడించిందన్నమాట. ఐడీతో రాసిన సెలెక్టర్ క్లాస్‌తో రాసిన దానికన్నా బలమైనది, క్లాస్‌తో రాసింది ట్యాగ్ పేరుతో రాసిన దానికన్నా బలమైనది. ఇక్కడ ఇంపార్టెంట్ (!important, మిగతా రూల్స్‌ని దాటేసే గుర్తు) పెట్టేయాలనిపిస్తుంది. ఈ రోజు పని అయిపోతుంది, కానీ వచ్చే నెల దాన్ని దాటడానికి ఇంకో ఇంపార్టెంట్ కావాలి. గెలుస్తున్న రూల్ ఏ ఫైల్‌లో ఉందో అదే ట్యాబ్ చూపిస్తుంది, అక్కడికి వెళ్ళి సరిచేయండి.

కన్సోల్‌లో "కెనాట్ రీడ్ ప్రాపర్టీస్ ఆఫ్ నల్"

కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళకి ఈ ఎర్రర్ చూస్తేనే టెన్షన్. నిజానికి ఇది విషయం చాలా స్పష్టంగా చెబుతుంది: మీరు వెతికిన ఎలిమెంట్ దొరకలేదు, లేని దాని మీద ఏదో చేయబోయారు. ఐడీలో అక్షర దోషం లేకపోతే, స్క్రిప్ట్ తొందరపడిందని అర్థం. హెడ్‌లో పెట్టిన స్క్రిప్ట్ నడిచే సమయానికి కింద ఉన్న బటన్ ఇంకా తయారు కాలేదు. వేరే ఫైల్ నుంచి తెచ్చే స్క్రిప్ట్ ట్యాగ్‌కి డిఫర్ అనే మాట చేర్చితే పేజీ మొత్తం చదివాకే అది నడుస్తుంది.

"నల్" బదులు "అన్‌డిఫైన్డ్" అని ఉంటే, సర్వర్ నుంచి రావాల్సిన డేటా ఇంకా రాకముందే దాన్ని వాడుతున్నారేమో చూడండి. ఎక్కడో ఒక అవెయిట్ (డేటా వచ్చేదాకా ఆగమని చెప్పే మాట) మరిచిపోయి ఉంటారు.

పోస్ట్‌మ్యాన్‌లో వస్తోంది, బ్రౌజర్‌లో కార్స్ ఎర్రర్

నేను చూసిన వాటిలో మనుషుల్ని ఎక్కువ రోజులు తిప్పేది ఇదే. కార్స్ (CORS) అంటే ఒక సైట్ జవాబును ఇంకో సైట్‌లోని స్క్రిప్ట్ చదవడానికి అనుమతి ఇచ్చే పద్ధతి. ముందు ఇది ఎందుకు ఉందో తెలుసుకోవాలి. ఒక సైట్‌లోని స్క్రిప్ట్ ఇంకో సైట్ నుంచి వచ్చిన సమాచారాన్ని ఇష్టం వచ్చినట్టు చదవకుండా బ్రౌజర్ కాపలా కాస్తుంది. ప్రోటోకాల్, హోస్ట్ పేరు, పోర్ట్ ఈ మూడూ కలిస్తే ఒక ఆరిజిన్. మూడింటిలో ఏ ఒక్కటి మారినా అది వేరే ఆరిజిన్. లోకల్‌హోస్ట్ 3000లో ఫ్రంటెండ్ (బ్రౌజర్‌లో కనిపించే భాగం), 5000లో బ్యాకెండ్ (సర్వర్ కోడ్) నడిపితే అవి రెండూ ఒకే కంప్యూటర్‌లో ఉన్నా బ్రౌజర్‌కి పరాయివే. పోస్ట్‌మ్యాన్ అనేది సర్వర్‌కి రిక్వెస్ట్‌లు పంపి చూసే టూల్, బ్రౌజర్ కాదు, దానికి ఈ కాపలా లేదు. అందుకే అక్కడ బాగానే వస్తుంది.

కాబట్టి అనుమతి ఇవ్వాల్సింది సర్వర్. జవాబుతో పాటు యాక్సెస్-కంట్రోల్-అలౌ-ఆరిజిన్ అనే హెడర్‌లో మీ ఫ్రంటెండ్ చిరునామా పంపాలి. కుకీలు కూడా పంపుతుంటే అక్కడ నక్షత్రం గుర్తు (అందరికీ అనుమతి అని అర్థం) పనికిరాదు, చిరునామా పూర్తిగా రాయాల్సిందే. ఫ్రంటెండ్‌లో ఫెచ్ (సర్వర్‌ని డేటా అడిగే జావాస్క్రిప్ట్ ఫంక్షన్) మోడ్‌ని నో-కార్స్‌గా మార్చమని కొందరు సలహా ఇస్తారు. అలా చేస్తే ఎర్రర్ పోతుంది, దాంతో పాటు జవాబు చదివే వీలు కూడా పోతుంది. బ్రౌజర్‌లో కార్స్‌ని ఆపేసే ఎక్స్‌టెన్షన్ మీ కంప్యూటర్‌లో మాత్రమే సమస్యను దాచిపెడుతుంది.

హెడర్ పెట్టినా పని కాకపోతే అడగాల్సిన ప్రశ్న: "ఆప్షన్స్ రిక్వెస్ట్‌కి ఏం జవాబొచ్చింది?" జేసన్ (డేటాను రాసి పంపే ఒక పద్ధతి) పంపేటప్పుడు బ్రౌజర్ అసలు రిక్వెస్ట్‌కి ముందు ఆప్షన్స్ పేరుతో ఒక అనుమతి రిక్వెస్ట్ పంపుతుంది. దానితో లాగిన్ టోకెన్ వెళ్ళదు. మీ బ్యాకెండ్‌లో లాగిన్ తనిఖీ ముందుండి, కార్స్ సెట్టింగ్ తర్వాత ఉంటే, ఆ రిక్వెస్ట్ 401తో (లాగిన్ కాలేదు అనే జవాబుతో) వెనక్కి వస్తుంది. రెండింటి వరుస మార్చండి, తీరిపోతుంది.

ఇంకో రకం ఉంది, అది నాకు రెండు రోజులు పట్టింది. ఒక ఫారం చాలామందికి సేవ్ అవుతోంది, కొందరికి మాత్రం కార్స్ ఎర్రర్. నేను హెడర్లు మారుస్తూ కూర్చున్నాను. చివరికి ఒక స్నేహితుడికి ఫోన్ చేస్తే ఒక్కటే అడిగాడు: "సెట్టింగ్ తప్పైతే అందరికీ రావాలి కదరా, కొందరికే ఎందుకొస్తోంది? సర్వర్ లాగ్ చూశావా?" లాగ్‌లో ఉంది అసలు సంగతి. ఫోన్ నంబర్ ఇవ్వనివాళ్ళ దగ్గర బ్యాకెండ్ కోడ్ మధ్యలో కూలిపోయి 500 (సర్వర్ లోపల తప్పు) ఇస్తోంది. ఆ కూలిన జవాబుకి కార్స్ హెడర్ చేరడం లేదు. హెడర్ లేని జవాబు కనుక బ్రౌజర్ దాన్ని కార్స్ ఎర్రర్ అంది. అప్పటి నుంచి, "అందరికీనా, కొందరికేనా? ఎప్పుడూనా, అప్పుడప్పుడేనా?" అని నన్ను నేను ముందు అడుక్కుంటాను.

జేసన్ చదువుతుంటే "అన్‌ఎక్స్‌పెక్టెడ్ టోకెన్"

ఆ టోకెన్ దగ్గర లెస్ దేన్ గుర్తు (<) కనిపిస్తే వచ్చింది జేసన్ కాదు, హెచ్‌టీఎంఎల్ పేజీ. నెట్‌వర్క్ ట్యాబ్‌లో రెస్పాన్స్ తెరిస్తే అది 404 (దొరకలేదు అనే) పేజీయో, లాగిన్ పేజీయో తెలిసిపోతుంది. యూఆర్ఎల్ తప్పు లేదా సెషన్ అయిపోయింది. ఇంకో సంగతి, సర్వర్ 404 ఇచ్చినా 500 ఇచ్చినా ఫెచ్ దాన్ని తప్పుగా లెక్కపెట్టదు. నెట్‌వర్క్ తెగడం, కార్స్ అడ్డుకోవడం లాంటివి జరిగితేనే క్యాచ్‌లోకి (తప్పుల్ని పట్టుకునే కోడ్‌లోకి) వెళ్తుంది. అందుకే జేసన్ చదివే ముందు రెస్పాన్స్ ఓకేనా అని మీరే తనిఖీ చేయాలి.

నా మెషీన్‌లో పనిచేస్తోంది, సర్వర్‌లో పెడితే లేదు

ఇది ఒక సమస్య కాదు, అరడజను సమస్యలకి ఒకే ముఖం. తేడా ఏమిటో వెతకడమే పని.

ఇంపోర్ట్ చేసిన ఫైల్ దొరకలేదంటే పెద్ద అక్షరం, చిన్న అక్షరం చూడండి. విండోస్, మ్యాక్ మామూలుగా రెంటినీ ఒకటిగానే చూస్తాయి. సర్వర్‌లో ఉండే లినక్స్ అలా చూడదు. అక్షరం సరిచేసి పేరు మార్చినా గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) ఆ మార్పును పట్టుకోకపోవచ్చు, కాబట్టి పేరు మార్చడానికి గిట్ మూవ్ కమాండ్ వాడండి.

ఏపీఐ చిరునామా (బ్యాకెండ్‌ని డేటా అడిగే చిరునామా) అన్‌డిఫైన్డ్ అని వస్తే అది ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (కోడ్‌కి బయట పెట్టే సెట్టింగ్) సంగతి. ఈ సెట్టింగ్‌లు ఉండే డాట్ ఎన్వ్ ఫైల్‌ని గిట్‌లో పెట్టం (పెట్టకూడదు కూడా), అందువల్ల అది సర్వర్‌కి చేరదు. అక్కడ విడిగా పెట్టాలి. వీట్ (Vite) లాంటి బిల్డ్ టూల్స్‌లో ఫ్రంటెండ్ వేరియబుల్స్ బిల్డ్ సమయంలోనే కోడ్‌లో కలిసిపోతాయి. విలువ మార్చి సర్వర్ రీస్టార్ట్ చేస్తే చాలదు, మళ్ళీ బిల్డ్ చేయాలి. చాలామంది ఆగిపోయేది ఇక్కడే.

లింక్ నొక్కితే పేజీ వస్తుంది, అదే పేజీని రిఫ్రెష్ చేస్తే 404. లింక్ నొక్కినప్పుడు దారి చూపింది బ్రౌజర్‌లోని జావాస్క్రిప్ట్. రిఫ్రెష్ చేసినప్పుడు ఆ చిరునామా నేరుగా సర్వర్‌కి వెళ్ళింది, ఆ పేరుతో అక్కడ ఫైల్ లేదు. దొరకని చిరునామాలకి ఇండెక్స్ పేజీనే ఇవ్వమని సర్వర్‌కి చెప్పాలి. ఎంజినెక్స్ అనే వెబ్ సర్వర్‌లో ట్రై ఫైల్స్ అనే సెట్టింగ్ అందుకే ఉంది.

502 వస్తే ఎంజినెక్స్ బతికే ఉంది, దాని వెనక ఉన్న మీ యాప్ పడిపోయింది లేదా వేరే పోర్ట్‌లో ఉంది. 504 అయితే యాప్ ఉంది కానీ సమయానికి జవాబివ్వలేదు, ముందు నిదానంగా నడుస్తున్న డేటాబేస్ క్వెరీలు చూడండి.

తెలుగు అక్షరాలు చెడిపోయి కనిపిస్తున్నాయి

ఎలా చెడిపోయాయన్నదే ఇక్కడ అసలు ఆధారం. ఖాళీ డబ్బాలు కనిపిస్తే డేటా క్షేమం, ఫాంట్‌లో తెలుగు లేదు అంతే. తల మీద గీతలున్న లాటిన్ అక్షరాలు వరుసగా కనిపిస్తే బైట్లు చాలావరకు సరిగ్గానే ఉన్నాయి, వాటిని తప్పు ఎన్‌కోడింగ్‌తో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతితో) చదువుతున్నారు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షర సంకేతానికి 3 బైట్లు పడతాయి, వాటిని విడివిడిగా చదివితే ఇలాంటి రూపం వస్తుంది. పేజీ హెడ్ మొదట్లోనే మెటా క్యార్‌సెట్ యూటీఎఫ్-8 పెట్టండి, డేటాబేస్ కనెక్షన్‌కి కూడా అదే చెప్పండి.

వరుసగా ప్రశ్న గుర్తులు ఉంటే మాత్రం బాధ కలిగించే విషయం. డేటాబేస్‌లో చూసినా అవే ఉంటే, సేవ్ అయినప్పుడే అక్షరాలు పోయాయి. ఏ సెట్టింగ్ మార్చినా తిరిగి రావు, బ్యాకప్ ఉంటే అదే దిక్కు. పాత మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో టేబుళ్ళు మామూలుగా లాటిన్1లో తయారయ్యేవి, 8.0 నుంచి యూటీఎఫ్8ఎంబీ4 వస్తోంది. పాత టేబుల్‌ని మార్చే ముందు బ్యాకప్ తీయండి. తెలుగు బాగానే ఉండి ఎమోజీ దగ్గరే ఎర్రర్ వస్తే, ఎంబీ4 లేని యూటీఎఫ్8 వాడుతున్నారు. అందులో 3 బైట్లకే చోటుంది, చాలా ఎమోజీలకి 4 కావాలి.

ఫోన్‌లో అంతా చిన్నగా కనిపిస్తోంది

వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ (పేజీ వెడల్పును ఫోన్ తెరకి సరిపెట్టమని చెప్పేది) మరిచిపోయారు. పక్కకి జరుగుతోంది అంటే ఏదో ఒకటి తెర కన్నా వెడల్పుగా ఉంది, ఎక్కువగా పెద్ద బొమ్మే. దానికి మ్యాక్స్-విడ్త్ 100 శాతం ఇవ్వండి.

అడిగాను, ఎవరూ జవాబివ్వట్లేదు

ఇది కూడా సమస్యే, దీనికీ కారణాలున్నాయి. చదివేవాళ్ళు మీ కోడ్‌ని తమ దగ్గర నడిపి చూడలేకపోతే ముందుకు వెళ్ళలేరు. ఫోన్‌తో తెరను తీసిన ఫొటో పంపితే అందులోని ఎర్రర్‌ని కాపీ చేసి వెతకలేరు. 600 లైన్ల ఫైల్ మొత్తం పంపితే ఏది చదవాలో తెలియదు.

కోడ్‌ని ఒక కాపీ తీసుకుని, ఎర్రర్ పోనంత వరకు ఒక్కో భాగం తీసేస్తూ రండి. 15, 20 లైన్లు మిగిలేసరికి చాలాసార్లు తప్పు మీకే కనిపిస్తుంది. కనిపించకపోతే అడగడానికి కావాల్సిన ప్రశ్న అప్పటికే తయారై ఉంటుంది. తర్వాత ఇలా రాయండి:

"ఫారం సబ్మిట్ చేయగానే పేజీ రీలోడ్ అవుతోంది, రిక్వెస్ట్ మధ్యలోనే క్యాన్సిల్ అవుతోంది. డేటా సేవ్ అయి అదే పేజీలో మెసేజ్ రావాలి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండింటిలోనూ ఇంతే. కన్సోల్‌లో ఎర్రర్ లేదు. బటన్‌కి క్లిక్ ఈవెంట్ పెట్టాను, 20 లైన్ల కోడ్ కింద ఉంది."

దీనికి తెలిసినవాళ్ళు నిమిషంలో చెబుతారు: ఫారం లోపల ఉన్న బటన్‌కి టైప్ రాయకపోతే అది సబ్మిట్ బటనే, టైప్‌ని బటన్ అని రాయండి లేదా ప్రివెంట్ డిఫాల్ట్ (బ్రౌజర్ మామూలుగా చేసే పనిని ఆపే ఫంక్షన్) పిలవండి. "నా ఫారం పనిచేయట్లేదు" అని మాత్రమే రాసి ఉంటే అదే మనిషి పది ప్రశ్నలు అడగాల్సి వచ్చేది.

"బటన్‌ని ఎలా దాచాలి?" లాంటి ప్రశ్న అడిగేటప్పుడు, దాచడం ఎందుకో కూడా చెప్పండి. రెండుసార్లు నొక్కితే రెండు ఆర్డర్లు పడుతున్నాయన్నది అసలు బాధ అయితే, దాని పరిష్కారం సర్వర్ వైపు ఉంది. బటన్ దాచినా ఆ ప్రమాదం అలాగే ఉంటుంది.

కోడ్ పంపే ముందు ఏపీఐ కీలు, పాస్‌వర్డ్‌లు, వాడుకరుల డేటా తీసేశారో లేదో మరోసారి చూడండి. పొరపాటున కీ బయటికి వెళ్ళిపోతే మెసేజ్ డిలీట్ చేసి ఊరుకోవద్దు, గిట్‌లో పడితే తర్వాతి కమిట్‌లో తీసేసినా హిస్టరీలో ఉండిపోతుంది. ఆ కీని వెంటనే రద్దు చేసి కొత్తది తీసుకోండి, బగ్ సంగతి ఆ తర్వాత.