అమ్మమ్మకు ఇంటి నుంచి ఓటు: చిక్కు ఎక్కడుందంటే

మా అమ్మమ్మకు 88 ఏళ్లు, ఓటు మల్కాజిగిరిలో. 2024 లోక్‌సభ ఎన్నికలకు ఇంటి నుంచే వేయిద్దామని ముందుగానే అడిగితే, 85 నిండలేదు, అర్హత లేదన్నారు. ఆధార్ చూపించాం, తెలిసినవాళ్లకు ఫోన్లు చేశాం, లాభం లేదు.

లెక్కలోకి వచ్చేది ఓటరు జాబితాలో ఉన్న వయసే. ఎన్నికల సంఘం పోర్టల్‌లో ఓటరు కార్డు నంబరు కొట్టి వెతికితే 79 అని ఉంది! ఫారం 8లో సవరణ ఎంచుకుని, పుట్టిన తేదీ సరిచేసి, ఆధార్ అప్‌లోడ్ చేసి, మళ్లీ వెతికినప్పుడు 88 కనిపించాకే బీఎల్‌ఓ (బూత్ స్థాయి అధికారి) గారి దగ్గర ఇంటి నుంచి ఓటుకు దరఖాస్తు, ఫారం 12డి తీసుకున్నాం. దాన్ని ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిన 5 రోజుల్లోపు ఇచ్చేయాలి.

మాకు టైమ్ ఉంది కాబట్టి అయింది, ఆఖర్లో మొదలుపెడితే అవుతుందని చెప్పలేను. ఒక్కటి, ఇంటి నుంచి వేసే ఈ పోస్టల్ బ్యాలెట్ మంజూరైతే ఇక బూత్‌లో వేయనివ్వరు, పెద్దవాళ్లను అడిగే దరఖాస్తు పెట్టండి.