సొంతంగా అచ్చేసుకున్న పుస్తకాన్ని ఆన్‌లైన్‌లో పాఠకుల దాకా చేర్చడం ఎలా?

నా కథల పుస్తకం 500 కాపీలు ప్రెస్ నుంచి ఆటోలో హనుమకొండలోని మా ఇంటికి వచ్చాయి. కట్టకు 25 చొప్పున 20 కట్టలు. మంచం కింద సర్దుతుంటే అమ్మ అడిగింది: "ఇవన్ని ఎవలు కొంటరు బిడ్డా?" జవాబు నా దగ్గర లేదు. తెలిసినవాళ్లే ఒక వంద తీసుకుంటారనుకున్నా. తీసుకున్నది 31 మంది, అందులో డబ్బులిచ్చింది 19 మంది. ఒక కట్ట తప్ప మిగతావి ఫోన్ పట్టుకుని కూర్చుంటేనే పోయాయి. ఏడాదిన్నర పట్టింది. వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ లాంటి చోట్ల ఉండి, వెనక పబ్లిషర్ ఎవరూ లేకుండా సొంత ఖర్చుతో పుస్తకం వేసుకున్నవాళ్లకు పనికొస్తుందని ఆ అనుభవం రాస్తున్నా.

పుస్తకం ప్రెస్‌లో ఉండగానే

ముందు ఐఎస్‌బీఎన్, అంటే ఏ పుస్తకానికి ఆ పుస్తకాన్ని గుర్తుపట్టే నంబర్. మన దేశంలో దీన్ని రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది, దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. ఆ 13 అంకెల నంబర్ ఇప్పిస్తానని నన్ను ఒకాయన రెండు వేలు అడిగాడు. ఇవ్వకండి. కాకపోతే చివరి నిమిషంలో దరఖాస్తు పెడితే ప్రెస్ వాడు మీ కోసం ఆగడు. అట్టకు డిజైన్ వేయించకముందే ఈ పని పూర్తి చేసుకోండి.

రెండోది డీటీపీ చేసిన అబ్బాయి దగ్గర. అట్ట బొమ్మ మంచి సైజులో జేపెగ్ ఫైలు, లోపలి పేజీల పీడీఎఫ్, ఈ రెండూ అందరూ అడిగి తీసుకుంటారు. మూడోది మర్చిపోతారు: యూనికోడ్ టెక్స్ట్, అంటే ఫోన్‌లోనైనా నెట్‌లోనైనా తెలుగుగానే కనిపించే అక్షరాలు. మన డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ చాలా పుస్తకాలు పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలోనే తయారవుతున్నాయి. ఆ ఫైలు లోంచి ఒక పేరా కాపీ చేసి ఫేస్‌బుక్‌లో పెడితే తెలుగు రాదు, ఏవేవో ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు వస్తాయి. కన్వర్టర్‌లో వేసి యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. మార్చాక కూడా కొన్ని వత్తులు ఎగిరిపోతాయి, కొన్ని పక్క అక్షరానికి అతుక్కుంటాయి. ఒక్క కథ సరిచేయడానికి నాకు రెండు రాత్రులు పట్టింది. మీరు చేతిరాత ఇవ్వకుండా ఫోన్‌లోనో, కంప్యూటర్‌లో అను ఫాంట్లు వాడకుండా యూనికోడ్‌లోనో టైప్ చేసి ఉంటే ఈ గోల లేదు. కాకపోతే ప్రూఫుల్లో దిద్దినవి ఆ ఫైలులో కూడా దిద్దుకోవాలి.

ఇంకోమాట. 1954 నాటి చట్టం ప్రకారం, పుస్తకం వెలువడిన 30 రోజుల్లో ప్రచురణకర్త సొంత ఖర్చుతో కోల్‌కతాలోని నేషనల్ లైబ్రరీకి ఒక కాపీ, మరి మూడు పెద్ద లైబ్రరీలకు ఒక్కొక్కటి పంపాలి. సొంతంగా వేసుకుంటే ఆ ప్రచురణకర్త మీరే.

అమ్మకానికి ఒక నంబర్, ఒక నోటుబుక్కు

ఇంటి నంబర్ ఇవ్వకండి. రెండో సిమ్ తీసుకుని అందులో వాట్సాప్ బిజినెస్ పెట్టుకోండి, ఆ యాప్ ఉచితమే. కేటలాగ్‌లో పుస్తకం ఫొటో, పేజీలు, ధర పెట్టండి. అడ్రస్ అడగడానికి, డబ్బులు ఎలా పంపాలో చెప్పడానికి క్విక్ రిప్లైలు సిద్ధం చేసుకోండి. ఒకే మాట రోజుకు పదిసార్లు టైప్ చేసి విసుగొస్తే, ఆ విసుగు పాఠకుడికి తెలిసిపోతుంది.

ధర పోస్టు ఖర్చుతో కలిపి ఒకటే అంకె చెప్పండి. "150, పోస్టేజీ అదనం" అంటే సగం మంది అక్కడే ఆగిపోతారు. "ఇంటికి చేరేదాకా 180" అంటే ఆగరు. క్యూఆర్ కోడ్ పంపేటప్పుడు, స్కాన్ చేస్తే ఏ పేరు కనిపిస్తుందో ముందే రాయండి. నా ఖాతా మా ఆవిడ పేరు మీద ఉండేది. కొత్త పేరు చూసి మోసమేమోనని ఇద్దరు డబ్బు పంపడం ఆపేశారట. తర్వాతెప్పుడో చెప్పారు.

నోటుబుక్కులో ఐదు గడులు గీసుకోండి: పేరు, ఊరు, పిన్‌కోడ్, పంపిన తేదీ, పుస్తకం గురించి ఎక్కడ తెలిసింది. చివరి గడి నింపడానికి బద్ధకిస్తాం కానీ అసలు లెక్క అదే. నేను యూట్యూబ్ మీద నెలంతా కష్టపడ్డా. ఆ గడిలో యూట్యూబ్ అని నాలుగుసార్లే ఉంది. "ఫలానా సారు చెప్పిండు" అని అరవైకి పైగా ఉన్నాయి.

పోస్టర్ కాదు, పేజీ

నా మొదటి పోస్టు ఆవిష్కరణ సభ ఫొటో. ఎనిమిది మంది వరసగా నిలబడి పుస్తకాన్ని గుండెలకు ఆనించుకున్న ఫొటో, మీరు చూసే ఉంటారు. లైకులు రెండు వందలు, "శుభాకాంక్షలు అన్నా" అని డెబ్బై కామెంట్లు, అమ్మకాలు మూడు.

నెల తర్వాత ఒక రాత్రి పుస్తకంలోంచి ఈ మూడు వాక్యాలు మాత్రమే టైప్ చేసి పెట్టా:

"ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తా మీద పంటే ముక్కు మండుతది. దిగి కింద పంటే బస్తా పోతదని బుగులు. ఆ రాత్రి మా నాయిన కూసుండే నిద్రపోయిండు."

కింద పేజీ నంబర్, పుస్తకం కావాలంటే మెసేజ్ చేయాల్సిన నంబర్. అంతే. తెల్లారేసరికి 11 ఆర్డర్లు. కామెంట్లలో ఎవరూ శుభాకాంక్షలు చెప్పలేదు, వాళ్ల నాయిన గురించి చెప్పుకున్నారు.

అప్పటినుంచి వారానికి ఒక పేజీ. మూడు నుంచి ఆరు వాక్యాలు, ముందు వెనక వివరణ లేకుండా, కథ ఎటు పోతుందో చెప్పకుండా. అలంకారమున్న వాక్యం కంటే మనిషి ఒక పని చేస్తున్న వాక్యం బాగా పోతుంది. ఫొటో పెడితే నున్నటి డిజైన్ వద్దు. పొద్దున కిటికీ పక్కన, పేజీ అంచు మీద బొటనవేలు కనిపించేలా తీయండి, లైటు పక్కనుంచి పడాలి. పుస్తకం పేరు తెలుగులోనే కాక ఇంగ్లిష్ అక్షరాల్లో కూడా రాయండి. మనవాళ్లు వెతికేటప్పుడు ఎక్కువగా అలాగే టైప్ చేస్తారు. పొద్దున పెడితే గుడ్ మార్నింగ్ పూల కింద పడి నలిగిపోతుంది. నాకు రాత్రి తొమ్మిది ప్రాంతం కలిసొచ్చింది.

ఎక్కడెక్కడ

తెలుగు పుస్తకాలు కొనేవాళ్లు నాకు తగిలింది ఎక్కువగా ఫేస్‌బుక్‌లోనే, నలభై దాటినవాళ్లు. కాలేజీ పిల్లలు ఇన్‌స్టాగ్రామ్‌లో ఉంటారు, వాళ్లకు రీల్. అక్కడ పోస్టు కింద రాసే లింకు నొక్కితే తెరుచుకోదు, ప్రొఫైల్‌లో పెట్టాలి.

మన యాస కథలైతే గొంతుతో వినిపించండి. "గట్లనే", "ఎటువోయినవ్" లాంటివి అచ్చులో చూసి తడబడేవాళ్లు చెవితో వింటే నవ్వుతారు. స్టూడియో అక్కర్లేదు. ఫ్యాను ఆపేసి, బట్టల బీరువా తెరిచి దాని ముందు కూర్చుని ఫోన్‌లో రికార్డు చేస్తే గొంతు గింగురుమనదు. నా గొంతు బాగుండదు. కాజీపేటలో ఉండే మా మేనకోడలు చదివింది, రెండు నిమిషాలకు మించకుండా. యూట్యూబ్‌లో ఎవరూ చూడని ఆ ముక్కే వాట్సాప్‌లో తిరిగింది.

వాట్సాప్ గ్రూపుల విషయంలో నేను చేసిన తప్పు చెప్తా. ఒకేరోజు నలభై గ్రూపుల్లో ఒకే పోస్టర్ వేశా. అపార్ట్‌మెంట్ గ్రూపు, పదో తరగతి బ్యాచ్, ఆఖరికి పాలవాడి గ్రూపు. ఆరింటిలోంచి తీసేశారు, అందులో ఒకటి సాహిత్యం గ్రూపే. అడ్మిన్‌కు ముందు విడిగా మెసేజ్ పెట్టి, ఒక గ్రూపులో ఒక్కసారే, అదీ పేజీ ముక్క వేయండి. ఒకే మెసేజ్ చాలామందికి విడివిడిగా చేరే బ్రాడ్‌కాస్ట్ లిస్టు ఇంతకంటే మేలు. ఒక లిస్టులో 256 మందిని పెట్టొచ్చు. కానీ మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది. అందుకే పార్సిల్‌లో ఒక చిన్న చీటీ పెట్టి "ఈ నంబర్ సేవ్ చేసుకోండి" అని చేత్తో రాస్తున్నా.

అమెజాన్‌లో కూడా పెట్టా, బయటి రాష్ట్రాలవాళ్ల కోసం. అచ్చు పుస్తకాలకు జీఎస్టీ లేదు కానీ వాళ్ల ఫీజులు, షిప్పింగ్ పోగా 150 రూపాయల పుస్తకం మీద మిగిలేది టీ ఖర్చే. పుస్తకాల షాపులూ నలభై శాతం దాకా కమీషన్ అడుగుతాయి. ఈ-బుక్ సంగతికొస్తే, 2016లో అమెజాన్ వాళ్ల ఈ-బుక్ సేవ కిండిల్ ఐదు భారతీయ భాషలు తెచ్చినప్పుడు అందులో తెలుగు లేదు. మీ పుస్తకం పెట్టబోయే ముందు అక్కడ భాషల జాబితా ఒకసారి చూసుకోండి. కథలు చదువుకునే యాప్ ప్రతిలిపిలో ఒకటి రెండు కథలు ఉచితంగా పెట్టి, మిగతావి పుస్తకంలో ఉన్నాయని చెప్పడం కొంతమేరకు పనిచేసింది.

చదివినవాళ్లతో మాట్లాడించండి

పార్సిల్ పంపిన పది రోజులకు "పుస్తకం చేరిందా అండీ?" అని మాత్రమే అడగండి. "ఎలా ఉంది?" అంటే ఇంకా చదవనివాళ్లు ఇబ్బంది పడి జవాబే ఇవ్వరు. చదివినవాళ్లు అడక్కపోయినా చెప్తారు. ఆ మెసేజ్‌ను, అనుమతి తీసుకుని, నంబర్ కనపడకుండా చేసి స్టేటస్‌లో పెట్టండి.

నర్సంపేట వైపు నుంచి ఒక రిటైర్డ్ టీచర్ ఫోన్ చేశారు. పొగుడుతారనుకున్నా. "నీ కథల నారు పోసిన పది రోజులకే నాటు వేయించినవ్. ఏ ఊర్ల వేస్తరు బిడ్డా? ఇరవై, ఇరవై ఐదు రోజులన్న కావాలె గద" అన్నారు. "తప్పైంది సార్" అన్నా. ఆ తప్పును దాచకుండా, ఆయన పేరు చెప్పకుండా ఉన్నదున్నట్టు పోస్టు పెట్టా. వ్యవసాయం తెలిసినవాళ్లంతా వచ్చి మా దిక్కు ఎన్ని రోజులు, మీ దిక్కు ఎన్ని రోజులని వాదులాడుకున్నారు. నా పుస్తకం గురించి అంత చర్చ అంతకుముందెప్పుడూ జరగలేదు. ఆ వారం రెండు కట్టలు పోయాయి.

అమెజాన్‌లో ఇంట్లోవాళ్లతో ఐదు స్టార్లు వేయించకండి. వాళ్ల నియమాలు ఒప్పుకోవు, తీసేస్తారు.

ఉచిత కాపీలు 40 దాకా పక్కన పెట్టుకోండి. పేరున్న పెద్దలకు పంపితే బీరువాలోకి పోతాయి. ఈమధ్య పుస్తకాల గురించి నాలుగు మాటలు రాసినవాళ్లెవరో ఆన్‌లైన్‌లో చూసి వాళ్లకు పంపండి. మన హనుమకొండలో 1904 నుంచి ఉన్న రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం లాంటి గ్రంథాలయానికి ఒక కాపీ ఇచ్చి, అక్కడ ఫొటో తీసుకుని పెట్టండి. ఊరివాళ్లు ఆ ఫొటోను ఆవిష్కరణ ఫొటో కంటే ఇష్టంగా చూస్తారు. సెప్టెంబర్ 9, కాళోజీ జయంతి, తెలంగాణ భాషా దినోత్సవం. ఆ వారం యాస గురించి ఏది రాసినా చదువుతారు. డిసెంబర్‌లో హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో మీ పుస్తకం ఉంటే స్టాల్ నంబర్‌తో సహా రాయండి. మేడారం జాతర రోజుల్లో మాత్రం ఏమీ పెట్టకండి, ఎవరూ చూడరు.

పార్సిల్

ప్రచారం ఎంత బాగున్నా పుస్తకం తడిసి చేరితే అయిపోయింది. మొదటి వానాకాలంలో నావి నాలుగు కాపీలు ఉబ్బిపోయి చేరాయి, మళ్లీ పంపాల్సొచ్చింది. ముందు పాలిథిన్ కవరు, దాని మీద అట్టముక్క, ఆ పైన బ్రౌన్ పేపర్. 2025 మే 1 నుంచి పోస్టాఫీసులో పుస్తకాలు తక్కువ ఖర్చుతో పంపే జ్ఞాన్ పోస్ట్ ఉంది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకు 100, పన్ను అదనం. 160 పేజీల డెమీ సైజు పుస్తకం దాదాపు 200 గ్రాములే తూగుతుంది. పుస్తకం మీద ప్రింటర్ పేరో పబ్లిషర్ పేరో అచ్చయి ఉండాలి. పత్రికలకు, ప్రకటనల పుస్తకాలకు ఇది వర్తించదు. నేల మార్గంలో పోతుంది కాబట్టి కాస్త ఆలస్యమవుతుంది, ట్రాకింగ్ ఉంటుంది. రసీదు ఫొటో తీసి కొన్నవాళ్లకు వెంటనే పంపండి. తొందరున్నవాళ్లకు స్పీడ్ పోస్ట్.

డబ్బు పెట్టాల్సొస్తే

ఫేస్‌బుక్‌లో కొత్త పోస్టును బూస్ట్ చేయకండి, అంటే డబ్బు కట్టి ఎక్కువమందికి చూపించకండి. ఊరికే పెట్టినప్పుడు ఆర్డర్లు తెచ్చిన పోస్టుకే 300 రూపాయలు పెట్టి చూడండి, దాని మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. ఊళ్లు వరంగల్, కరీంనగర్, హైదరాబాద్ అని ఎంచుకోండి, బటన్ వాట్సాప్‌కు కలపండి. "మీ పుస్తకాన్ని బెస్ట్ సెల్లర్ చేస్తాం" అని ఫోన్ చేసేవాళ్లకు నేను ఐదు వేలు సమర్పించుకున్నా. మూడు వేల మంది ఫాలోవర్లు వచ్చారు, ఒక్కరికీ తెలుగు రాదు.

పూర్తి పీడీఎఫ్ ఎవరికీ ఇవ్వకండి, స్నేహితుడికైనా. అడిగితే ఒక కథ మాత్రం, పేజీ అడుగున మీ నంబర్ వేసి. ఒకసారి టెలిగ్రామ్ ఛానెల్‌లోకి పోయిందంటే రిపోర్ట్ కొడుతూ కూర్చోవడమే.

ఇక చివరి కట్ట అమ్మకండి. అవార్డులకు పంపమన్నప్పుడు నాలుగైదు కాపీలు అడుగుతారు, అప్పుడు వెతుక్కోవాల్సి వస్తుంది. నా దగ్గర ఆ 25 అలాగే ఉన్నాయి. రెండో పుస్తకం ప్రెస్‌కు ఇచ్చా. ఈసారి 300 కాపీలే. మొదటి మెసేజ్ ఆ నోటుబుక్కులో ఉన్నవాళ్లకే, ఒక్కొక్కరికి పేరు పెట్టి.